మాత్రలు ఇంట్లో, నర్సు ఫోన్లో

ఎలక్ట్రానిక్ సిటీ ఫ్లైఓవర్ దిగి హోసూరు రోడ్డు మీద బొమ్మసంద్ర వైపు సాగితే కంపెనీల మధ్య ఆసుపత్రుల బోర్డులు మొదలవుతాయి. అక్కడొక క్యాన్సర్ డేకేర్ వార్డుకు వెళ్లాను. వరండాలో హిందూపురం, మదనపల్లె మాటలే ఎక్కువ వినబడ్డాయి. నర్సమ్మది కుప్పం.

నేను వెళ్లింది డీపీవైడీ జన్యు పరీక్ష గురించి. పెద్దపేగు క్యాన్సర్‌కు వాడే ఫైవ్ ఎఫ్‌యూ మందులో 80 శాతానికి పైగా కాలేయంలోని డీపీడీ ఎంజైమే విరిచేస్తుంది. దాన్ని తయారుచేయించేది ఈ జన్యువు. అది సరిగా పనిచేయకపోతే మామూలు డోసే విషం. రెండు ప్రతుల్లో ఒకటి పాడైతే సగం డోసుతో మొదలుపెట్టమంటారు. రెండూ పాడైతే ఆ మందు జోలికే పోరు. చికిత్సకు ముందే పరీక్ష చేయమని ఐరోపా మందుల సంస్థ 2020లో చెప్పింది.

"రిపోర్టు నార్మల్ వస్తే నిశ్చింతేగా?" అన్నాను.

"అప్పుడే నాకు భయం సార్. వాళ్లు ధైర్యంగా ఉండిపోతారు."

ఆమె భయం ఉత్తది కాదు. మామూలుగా వెతికే మార్పులు ప్రధానంగా ఐరోపా జనాభాలో తేలినవి. వాటిలో పేరుమోసిన స్టార్ టూఏ మనవాళ్లలో అరుదు. కాబట్టి నార్మల్ రిపోర్టు పూర్తి భరోసా కాదు.

పైగా ఫైవ్ ఎఫ్‌యూకు మాత్ర రూపమైన కెపిసిటాబిన్‌ను రోగి ఇంట్లోనే మింగుతాడు. రోజుకు రెండుసార్లు, 14 రోజులు, ఆపై వారం విరామం. ఆ రోజుల్లో నర్సు చేతిలో ఉండేది ఫోనే.

"పెద్దాయనా, మోషన్లు ఎన్ని మార్లు అవతాండాయి?"

"ఏం లేదులే సిస్టర్, రెండు మార్లు."

"రాత్రిపూట లేచినారా?"

కాసేపు మాట లేదు. "లేచినా. మూడు మార్లు."

"నోట్లో పుండ్లు?"

"కారం తినలేకపోతాండా."

ఆమె డాక్టరుతో మాట్లాడి మళ్లీ ఫోన్ చేసింది: మాత్రలు ఆపండి, పొద్దున్నే బయలుదేరి రండి. రాత్రి విరేచనాలంటే మాత్ర ఆపాలని మందు సూచనల్లోనే ఉంది. కానీ ఆ ప్రశ్న విడిగా అడగకపోతే ఎవరూ చెప్పరు. మందు ఆపితే రోగం తిరగబెడుతుందని దాస్తారు. నా మటుకు ఆ వార్డులో అన్నిటికన్నా పదునైన పరీక్ష ఆ రాత్రి ప్రశ్నే.

విరుగుడు లేకపోలేదు. యూరిడీన్ ట్రయాసిటేట్‌కు అమెరికా 2015లో అనుమతిచ్చింది. అయితే చివరి డోసు తర్వాత 96 గంటల్లోపు మొదలుపెట్టాలి. మాత్రలు మానేసి, ఎవరికీ చెప్పక మూడు రోజులు ఓర్చుకున్నవాళ్లకు మిగిలేది ఒక్క రోజు. అందుకే ఆమె మాత్రల డబ్బా మీద వార్డు నంబరు స్కెచ్ పెన్నుతో రాసిస్తుంది. చదువు రానివాళ్లయితే, వెంట వచ్చిన మనవడి సెల్లులో తనే సేవ్ చేసి, ఒకసారి మోగించి చూసుకుంటుంది.