ఇంగ్లిషయ్యవారి సంతకం

మొన్న కోట బస్టాండు దగ్గర జిరాక్సు అంగట్లో ఒక పిల్లోడు నన్ను పట్టుకున్నాడు. కొత్తపట్నం వైపు వాడు, కువైట్ పోతున్నాడంట. చేతిలో నాలుగు పేజీల ఇంగ్లిషు కాగితం. "సార్, మీరు ఇంగ్లిషయ్యోరు గదా. సంతకం యాడ పెట్టాలో చూపించండి" అన్నాడు. చదివినావా అంటే నవ్వాడు. "ఏజెంటన్న అంతా చెప్పినాడు సార్."

ఆ నాలుగు పేజీలు చదవడానికి నాకు ముప్పావు గంట పట్టింది. వాడు రెండుసార్లు పోయి టీ తాగొచ్చాడు. విసుక్కుందామనుకున్నాను గానీ నాకా హక్కు లేదు. 2009 డిసెంబరులో, ఎమ్మే ఇంగ్లిషు పాసై, పదకొండేళ్లు పిల్లలకు గ్రామరు చెప్పిన తర్వాత, నా కాంట్రాక్టు మీద నేనూ చదవకుండానే సంతకం పెట్టాను.

చెన్నైలో మెట్ల కింద చిన్న గది. పక్కనే మెస్సు ఉన్నట్టుంది, గదంతా సాంబారు వాసన. ఏజెంటు ముఖం ఎంత తలుచుకున్నా గుర్తు రావడం లేదు. అతని చిటికెన వేలికి పెంచుకున్న గోరు మాత్రం గుర్తుంది. ఆ గోటితోనే చుక్కల గీత మీద చూపించాడు, ఇక్కడ అని. "మాల్దీవుల్లో స్కూలు సార్. నెలకి 650 డాలర్లు. డాలరంటే డాలరే." నేను అతని కాలెండరు వెనకనే లెక్క వేసుకున్నాను. దగ్గర దగ్గర 30 వేలు. ఇక్కడ ప్రైవేటు కాలేజీలో నాకొచ్చేది 9 వేలు, అదీ సెలవుల్లో సగం. ఏజెంటుకి 60 వేలు కట్టాను. సగం మా చిన్నాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి, సగం నా భార్య గాజులు బ్యాంకులో పెట్టి.

పదకొండో క్లాజులో ఉన్న మాట ఇది: యూఎస్ డాలర్స్ 650 ఆర్ ఇట్స్ ఈక్వివలెంట్ ఇన్ లోకల్ కరెన్సీ. ఆ 'ఆర్' రెండు అక్షరాల మాట. కంజంక్షన్ అంటారని నేనే ఎన్నిసార్లు బోర్డు మీద రాశానో.

2010 జనవరిలో తిరువనంతపురంలో విమానమెక్కాను. మాలె విమానాశ్రయమే ఒక దీవి. తలుపు దాటి బయటికొస్తే రోడ్డుండదు, ఎదురుగా సముద్రం, పడవలు. అవేంటని అడిగితే పక్కనున్న పెద్దాయన "దోని" అన్నాడు. మా బకింగ్‌హామ్ కాలవలో సరుగుడు కట్టెలు మోసిన దోనెలు చూసి పెరిగినవాణ్ణి. ఆ ఒక్క మాటకి కాస్త గుండె కుదుటపడింది. ఆ తర్వాత రాత్రంతా ఫెర్రీలో వాంతులు చేసుకుంటూ దక్షిణాన ఉన్న ఆ దీవికి చేరాను. దీవి పేరు రాయను. ఆ మనుషులు నాకు అన్నం పెట్టారు, స్కూలు ఆఫీసు వేరు.

ఆఫీసులో మొదటిరోజే పర్మిట్ పనికని పాస్‌పోర్టు తీసుకుని స్టీలు బీరువాలో పెట్టారు. రసీదు లేదు. నా పాస్‌పోర్టులో ఉన్న ముద్ర పర్యాటకులకిచ్చే 30 రోజులది. ఆ ముద్ర మీద పనిచేయడం ఆ దేశపు చట్టానికి తప్పు. ఆ సంగతి తెలియకుండానే నేను ప్రెజెంట్ పర్ఫెక్టు టెన్సు చెప్పేస్తున్నాను. వైద్య పరీక్షలని, కాగితాలని, పర్మిట్ వచ్చేసరికి మార్చి అయింది. అది వచ్చేదాకా జీతం పెండింగు. మూలమీద అంగడాయన అప్పు పుస్తకంలో నా పేరు 'ఇంగ్లిష్ సర్' అని రాసుకుని రొట్టెలు, ట్యూనా ముక్కలు ఇచ్చేవాడు. మా వైపు సూర చేప అంటాం. నెల్లూరోణ్ణి, చేపకి మొహం వాచినవాణ్ణి కాను గానీ పులుసు లేని చేప అన్ని రోజులు తిన్నది అక్కడే.

జీతం వచ్చింది. 8,352 రూఫియాలు. మొదట మురిసిపోయాను, రూపాయిల్లాగే ఉన్నాయని. వాటిని ఇంటికి పంపాలంటే ముందు డాలర్లు కావాలి. ఆ దేశంలో డాలర్ రేటు 2001 నుంచి 12.85 దగ్గరే నిలబెట్టి ఉంచారు. బ్యాంకు బోర్డు మీద ఆ అంకె పెద్దదిగా రాసుండేది. కౌంటరు దగ్గర మాత్రం "డాలర్స్ లేవు" అనేవాళ్లు. మాలె పోయి తెల్లారకముందే వరసలో నిలబడితే మనిషికి ఇంతని కొంచెం ఇచ్చేవాళ్లు. ఆ కొంచెం కోసం రానూపోనూ ఫెర్రీ ఖర్చు, రెండ్రోజుల లీవు. డబ్బు నాదే, ఖాతాలోనే ఉంది, పాస్‌బుక్కులో కనిపిస్తోంది. సముద్రం మాత్రం దాటదు.

ఇంటి నుంచి ఫోను. "ఏమయ్యా, ఈ నెల కూడా పడలా? చిన్నమామ రెండు తూర్లు వొచ్చి పోయినాడు." బ్యాంకు సర్వరు పాడయిందని చెప్పాను. ఆ సర్వరుని నేను ఏడు నెలలు పాడుచేశాను.

దారి చూపించింది నా క్లాసు పిల్లవాడే. వాళ్లన్న ఒక రిసార్టులో రూములు సర్దే పని చేసేవాడు. విదేశీయులు దిండు కింద వదిలిపోయే టిప్పులు అతనికి డాలర్లలోనే వచ్చేవి. సెలవుకి ఇంటికొచ్చినప్పుడు ఒక సాయంత్రం వాళ్ల ఇంటి ముందు తాడుతో అల్లిన కుర్చీలో నన్ను కూర్చోబెట్టి నోట్లు లెక్కపెట్టించాడు. అన్నీ ఒక డాలరువే. మడతలు పడి, మెత్తబడి, సముద్రపు ఇసుక ఇంకా అంటుకుని ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే కొబ్బరి వాసన, దొరలు ఎండకి పూసుకునే క్రీము వాసన. నలభై ఉన్నాయి. బోర్డు రేటు కంటే ఎక్కువిచ్చి కొన్నాను. వాడు నా స్టూడెంటు అన్న, బేరమాడడానికి సిగ్గేసింది, అయినా ఆడాను.

అది చాలక ఇంకో పని చేశాను. మాలెలో ఒక అంగడాయన చేతికి రూఫియాలిస్తే, కేరళలో వాళ్ల మనిషి మన ఖాతాలో రూపాయలు వేసేవాడు. హుండీ. మన చట్టానికీ తప్పే, వాళ్ల చట్టానికీ తప్పే. మొదటి మూడుసార్లు రెండో రోజుకే పడ్డాయి. నాలుగోసారి 47 రోజులు పట్టింది. ఆ 47 రోజులూ నాకు నిద్ర లేదు, ఎవరికీ చెప్పుకునే దారీ లేదు. ఏమని ఫిర్యాదు చేస్తాం?

2010 డిసెంబరు సెలవులకి పాస్‌పోర్టు చేతికిచ్చి పంపారు. క్రిస్మస్ నాడు సాయంత్రం మిద్దెనెక్కి మా వాడితో కలిసి శ్రీహరికోట వైపు చూస్తున్నాను. జీఎస్ఎల్వీ లేచింది. నిమిషం కూడా కాలేదు, పొగ గీత పైన విరిగి చీలిపోయింది. "నాయినా, పేలిపోయింది" అని మా వాడు నా లుంగీ పట్టుకున్నాడు. ఇక వెళ్లను, ఇక్కడే ఏదో ఒకటి చూసుకుంటాను అని భార్యకి చెబుదామని ఆ రాత్రంతా అనుకున్నాను. అప్పు ఇంకా సగం ఉంది. జనవరిలో మళ్లీ వెళ్లి, మళ్లీ పాస్‌పోర్టు ఇచ్చేశాను. ఎవరూ లాక్కోలేదు. నేనే తీసి బల్లమీద పెట్టాను.

2011 ఏప్రిల్లో ఆ దేశం రూఫియాని వదులు చేసింది. 12.85కి అటూ ఇటూ 20 శాతం కదలనిస్తామన్నారు. కదిలింది ఒక వైపుకే, పోయి 15.42 దగ్గర కూర్చుంది. నా జీతం అదే 8,352. డాలర్లలో చూసుకుంటే 540 చిల్లర.

మా స్కూల్లో బయటి దేశాల టీచర్లం ఆరుగురం. అందులో తిరునల్వేలి నుంచి వచ్చిన లెక్కల టీచరమ్మ ఉండేది. ఎండయినా వానయినా నల్ల గొడుగు. మా సరిహద్దు తమిళం ఆమెకు నవ్వు తెప్పించేది. ఒకరోజు స్టాఫ్‌రూములో కాంట్రాక్టు తెచ్చి నా ముందు పెట్టి, "సార్, ఈ 'ఈక్వివలెంట్' అంటే సరిగ్గా ఏంటి?" అంది. సమానమైనది అని డిక్షనరీలా చెప్పాను. ఆమె వెంటనే చాక్‌పీసుతో బల్ల మీదే గుణించింది. 650 ఇంటూ 15.42. "అయితే మనకి నెలకి 10,023 రావాలి గదా సార్?" 

రావాలి. ఏడాదిన్నరగా నన్ను దెబ్బ తీసిన వాక్యంలోనే మాకు రావలసింది కూడా ఉంది. లెక్కల టీచరు పట్టుకునేదాకా ఇంగ్లిషు టీచరుకి కనపడలేదు.

ఆ రోజుల్లోనే పదో తరగతికి నేను చెబుతున్న పాఠం లెటర్ ఆఫ్ కంప్లయింటు. కేంబ్రిడ్జి పరీక్షలో అడుగుతారని ప్రతి ఏడూ చెప్పేవాణ్ణి. మర్యాద తగ్గకూడదు, తేదీలు ఉండాలి, ఏం కావాలో చివర్లో స్పష్టంగా అడగాలి. ఒక పిల్ల ఫెర్రీ కంపెనీ మీద రాసింది, సునామీ నాడు పోయిన వాళ్ల తాత పడవకి ఇంకా పరిహారం రాలేదని. నేను చదివిన వాటిలో అంత మంచి ఫిర్యాదు లేదు. అసలు సంగతికి ఫెర్రీ కంపెనీతో సంబంధం లేదని ఆమెకీ తెలుసు. పేపర్లో ఫెర్రీ కంపెనీకి రాయమన్నారు, అందుకని. ఆ అలలు 2004 డిసెంబరు 26న మా తీరాన్నీ తాకాయని చెబితే క్లాసంతా నా వైపు కొత్తగా చూసింది, తమ వాణ్ణి చూసినట్టు.

2012 జనవరిలో టీచరమ్మ ఉత్తరం రాసి తెచ్చింది. నేను ఎర్ర పెన్నుతో దిద్దాను. రెండు కామాలు, మూడు ఆర్టికల్సు. 'డిమాండ్' అన్నచోట 'రిక్వెస్ట్' అని మార్చాను. ఆమె దాన్ని చూసి ఏమీ అనలేదు. పాస్‌పోర్టులు మా దగ్గరే ఉంచాలని కూడా అందులో ఉంది. అది భారత ప్రభుత్వపు ఆస్తి అని ఆ పుస్తకం లోపలే అచ్చేసి ఉంటుంది, ఆ మాట ఉత్తరంలో పెట్టమన్నది నేనే. ఆ సలహాకి గర్వపడ్డాను కూడా.

"సంతకం సార్" అంది.

"రేపు పెడతాను."

ఆ రేపుకి నా దగ్గర కారణాలు చాలా ఉన్నాయి. సాయంత్రాలు రెండిళ్లలో ట్యూషను చెబుతున్నాను. పర్మిట్ ఒక్క స్కూలుకే, బయట సంపాదించడం నిబంధనకి విరుద్ధం. ఆఫీసులో ఒకాయన ఒకసారి నవ్వుతూ, "సర్, మీ ట్యూషన్లు బాగున్నాయంట" అన్నాడు. అంతే, ఇంకేం అనలేదు. చిన్నాయన అప్పు ఉంది. గాజులు ఉన్నాయి. కారణాలన్నీ నిజమే. అయినా భయానికి వాటి అవసరం లేదని ఇప్పుడు తెలుసు.

ఫిబ్రవరి 7న టీ అంగట్లో టీవీ ముందు దీవంతా గుమిగూడింది. మాలెలో పోలీసులే వీధికెక్కారు, ప్రెసిడెంటు నషీద్ రాజీనామా చేస్తున్నాడు. మర్నాడు ఇంకా దక్షిణాన అడ్డూలో పోలీసు స్టేషన్లు తగలబడ్డాయన్నారు. మా దీవిలో ఎవరూ గట్టిగా మాట్లాడుకోలేదు. నాకు లోపల్లోపల హాయిగా అనిపించింది. ఉత్తరం సంగతి ఇక ఎవరూ ఎత్తరు, నేను తప్పించుకున్నాను అని. ఒక దేశం తలకిందులవుతుంటే నాకు తోచింది అదీ.

టీచరమ్మ ఎత్తింది. 2008 ఉద్యోగ చట్టం కింద మాలెలో ట్రిబ్యునల్ ఉందని ఎక్కడో కనుక్కుని, సెలవుల్లో గొడుగేసుకుని ఫెర్రీ ఎక్కింది. ఏమైందో నాకు పూర్తిగా తెలియదు. కొంత వచ్చిందని ఒకరన్నారు, పాస్‌పోర్టు ఇచ్చి పంపేస్తే చాలని ఒప్పుకుందని ఇంకొకరు. అడగడానికి నాకు ముఖం చెల్లలేదు. జూన్‌లో ఆమె వెళ్లిపోయింది.

నేను ఆ ఏడాది చివరిదాకా ఉన్నాను. మాలె విమానాశ్రయాన్ని అప్పుడు నడుపుతున్నది జీఎంఆర్. వాళ్లు మా తెలుగువాళ్లే అని రెండేళ్లుగా అంగడాయన దగ్గర గొప్పలు చెప్పుకున్నాను. నవంబరు 27న కొత్త ప్రభుత్వం ఆ కాంట్రాక్టు రద్దుచేసింది. "సర్, నీ కంపెనీ పోతోంది, నువ్వూ పోతున్నావు" అని అంగడాయన ఎగతాళి చేశాడు, చేసి రెండు ట్యూనా డబ్బాలు సంచిలో పెట్టాడు. వాళ్ల కాంట్రాక్టు రద్దు అంతర్జాతీయ మధ్యవర్తుల దాకా వెళ్లిందని, పరిహారం కూడా వచ్చిందని తర్వాత పేపర్లో చదివాను. వాళ్లు తమ క్లాజులు చదువుకుని ఉంటారు.

నాకు రావలసింది 20 నెలలకి 33 వేల పైచిలుకు రూఫియాలు. లెక్క డైరీలో ఉంది. మార్చుకోలేక తెచ్చిన రెండు 500 నోట్లు మా ట్రంకుపెట్టెలో ఉన్నాయి, కొబ్బరి గెల, తెరచాప ఓడ బొమ్మలతో. 2016లో అక్కడ కొత్త నోట్లొచ్చి ఇవి చెల్లకుండా పోయాయి. అదే ఏడాది నవంబరులో మన 500 నోట్లకీ అదే గతి పట్టినప్పుడు, మా ఆవిడ "నీ చెయ్యి అట్టాంటిది" అంది. కోటని కూడా 2022లో తిరుపతి జిల్లాలో కలిపారు. అప్పుడు కూడా అడ్రసు రాసేటప్పుడు నాకు చెయ్యి నెల్లూరనే పోయేది.

టీచరమ్మ వెళ్లిన రోజు జెట్టీ దాకా వెళ్లాను. పెట్టె మోస్తానంటే వద్దంది. పడవ ఇంజను అప్పటికే మొదలైంది, డీజిలు వాసన, పిల్లలు "మిస్, మిస్" అని చేతులూపుతున్నారు. ఆమె గొడుగు ముడుస్తూ నా వైపు తిరిగి, మామూలుగానే, పరీక్ష పేపరు గురించి చెబుతున్నట్టు అంది:

"సార్, మీరు దిద్దినాక కూడా ఉత్తరంలో ఒక తప్పుండిపోయింది."

స్పెల్లింగు అనుకున్నాను. ఏంటి మేడమ్ అన్నాను.

"కింద సంతకం చేసిన ఆరుగురం అని ఉంది సార్. సంతకాలు అయిదే."