ఓడ పేరు – ఓడ తీరు

2024వ సంవత్సరము ఆషాఢమాసమున మేము అమెరికా దేశములోని సియాటిల్ రేవున నొక విహారనౌక నెక్కి, ఏడు రాత్రులు అలాస్కా తీరమున తిరిగి వచ్చితిమి. మావారి షష్టిపూర్తికి కానుకగా మా అబ్బాయి చేసిన యేర్పాటు అది. మాతోడ మా వియ్యపురాలు, అనగా మా కోడలి తల్లిగారు, కూడ బయలుదేరిరి. ప్రయాణము ముగిసి, పెట్టెలు సర్దుకొని హైదరాబాదు చేరినను, ఆ యోడ తన పేరునకు తగినదా కాదా యను వివాదము మాత్రము మాకును వదినగారికిని నేటికిని తెగలేదు.

వివాదమునకు బీజము 2004లో పడినది. ఆ యేడు వదినగారు తమ పెద్దకుమార్తెతో గూడి యిదే కంపెనీవారి మరియొక యోడలో ప్రయాణము చేసియుండిరి. నాటినుండి వారి నోట ఆ యోడ మాట రాని పేరంటము లేదు. గది సవరించు కుర్రవాడు దినమునకు రెండుమారులు వచ్చుట, రాత్రివేళ దిండుపై చాకొలేటు బిళ్ల నుంచుట, తువ్వాలును ఏనుగుగాను కోతిగాను మడచి మంచముపై నిలుపుట, రెండవపూటకే వెయిటరు పేరుపెట్టి పలుకరించుట, ఇవన్నియు మా కోడలికి కంఠస్థములు. అందుచేతనే వేరొక కంపెనీవారి టిక్కెట్టు చౌకగా నున్నను మా అబ్బాయి దీనినే యెంచెను. కంపెనీ పేరు ఇచ్చట వ్రాయబోము. వ్రాసినచో చదువువారు పేరునే పట్టుకొందురు గాని మా మాట వినరు.

ఎక్కిననాడే మొదటి దెబ్బ తగిలెను. కంపెనీవారి చిత్రములో నొక జంట కిటికీప్రక్క సోఫాపై కాళ్లు చాచుకొని కాఫీ త్రాగుచుందురు. మా గదిలో మావారు కాళ్లు చాచినచో మాకు స్నానపుగదికి పోవ దారిలేదు. పెట్టెలు మంచము క్రిందికి త్రోసితిమి. వదినగారు తలుపువద్ద నిలిచి, “నాడు మా గది దీనికి రెండింతలుండెను వదినగారూ!” అనిరి. ఇరువది యేండ్లలో జ్ఞాపకమందలి గదులు కూడ పెరుగునని మాకు తోచెను గాని పైకి అనలేదు.

చిత్రమునకును గదికిని గల ఈ యంతరము క్రొత్తది కాదు. ఆంగ్ల నవలాకారుడు చార్లెస్ డికెన్స్ 1842 జనవరిలో కునార్డు కంపెనీవారి బ్రిటానియా యను స్టీమరుపై లివర్‌పూల్ నుండి అమెరికాకు పోయెను. ఏజెంటు కార్యాలయమున వ్రేలాడిన పటమునకును తన కిచ్చిన గదికిని పోలికయే లేదని ఆయన తన యాత్రాగ్రంథమున పరిహాసముగా వ్రాసెను. తిరుగుప్రయాణమునకు స్టీమరు మాని తెరచాపల యోడ నెక్కెను. దీనికి ఎదురుగా మరియొక సంగతి గలదు. 1844లో పి. అండ్ ఓ. కంపెనీవారు మన కలకత్తాలో పుట్టిన థాకరే యను మరియొక నవలాకారుని టిక్కెట్టు లేకయే మధ్యధరాసముద్రము త్రిప్పి కైరో వరకు చూపిరి. ఆయన 1846లో ఆ యాత్రపై నొక పుస్తకము ప్రకటించెను. నేటికిని ఓడలనుగూర్చి పొగడ్తలు చదువునపుడు, వ్రాసినవారి టిక్కెట్టు ఎవరు కొనిరని యొకమారు తలచుకొనుట మంచిది. మా టిక్కెట్టు మా అబ్బాయి కొనెను; అందలి చిక్కు ముందు చెప్పెదము.

భోజనముల సంగతి. శాకాహారులమని ముందుగా వ్రాసియిచ్చినను, మొదటి రాత్రి పప్పు అని తెచ్చినదానిలో మీగడ కలిపియుండెను. అడుగగా, హిందూదేశపు వంట కావలెనన్నచో ముందురాత్రియే చెప్పవలెనని పెద్ద వెయిటరు తెలిపెను. రెండవనాటి నుండి అన్నము అన్నమువలెను, పప్పు పప్పువలెను వచ్చినవి. మావారు మారు వడ్డించుకొనిరి. పెరుగు మాత్రము ఏడు దినములును తీపిదే. వదినగారు సీలు విప్పక తెచ్చిన ఆవకాయ పొట్లములు రెండును మూడవనాటికే యైపోయినవి.

అయినను వదినగారి చిట్టా దినదినము పెరిగెను. గది యిప్పుడు దినమున కొకమారే సవరింతురు. చాకొలేటు బిళ్ల లేదు. మంచి కాఫీకి వేరే డబ్బు, ఇంటర్నెట్టుకు వేరే డబ్బు, ఫొటో తీయించుకొన్న వేరే డబ్బు. రేవును గూర్చి ఉపన్యాసమని పిలిచి, ఏ యంగడిలో ఏ నగ కొనవలెనో చెప్పిరి. వెయిటరుకు నాలుగవనాటికి గూడ తమ పేరు తెలియదు.

మేము కాగితము తీసికొని, 2004లో వదినగారు చెల్లించిన మొత్తమును నేటి మొత్తమును ప్రక్కప్రక్కన వ్రాసితిమి. డాలర్లలో రెండును ఇంచుమించు సమానమే. “ఇరువది యేండ్లలో పాలధర, ఇంటియద్దె, జీతము పెరుగని దేశమున్నదా? టిక్కెట్టు పెరుగకున్న ఆ లోటును ఎక్కడనో పూడ్చుకొనక మానుదురా?” అంటిమి.

“అట్లైన టిక్కెట్టే పెంచి మర్యాద నిలుపుకొనవచ్చును గదా! పేరు వారిదే, ధర చెప్పువారును వారే” అనిరి వదినగారు. ఆ మాటకు మాకు బదులు తోచలేదు.

పేరు ఎవరిదన్నదియు చిక్కుప్రశ్నయే. 1840లోనే స్టీమర్లు నడిపిన కునార్డు పేరు 1998 నుండి కార్నివాల్ అను సంస్థవారిది. 1873లో పుట్టిన హాలెండ్ అమెరికా పేరు 1989లోనే వారి చేతికి వచ్చినది. ఆ కార్నివాల్ పుట్టినదో, 1972లో. మనుమడు ముత్తాతలను దత్తు తీసికొన్నట్లున్నది. (మేమెక్కిన యోడ వీనిలో నొకటి యని ఎవరును ఊహింపవలదు, ఉదాహరణకు మాత్రమే చెప్పితిమి.) కాబట్టి పాతపేరును చూచి నమ్మునపుడు, ఆ పేరు తెచ్చుకొన్నవారే నేడును గరిట పట్టియున్నారా యని విచారింపవలెను. మన యూరి మిఠాయి దుకాణముల విషయమున ఈ జాగ్రత్త మనకు పుట్టుకతోనే యుండును. ఓడల విషయమున నేలనో యుండదు.

మా కోడలు దీనికొక పరిష్కారము చెప్పెను. అమెరికాలో రోగనివారణశాఖవారు 1970ల నుండి యిట్టి యోడలను ముందుగా తెలుపకయే తనిఖీ చేయుచున్నారు. వంటయిల్లు, త్రాగునీరు, ఈతకొలను, పిల్లల గది, అన్నియు చూచి నూటికి మార్కులిత్తురు. 86కు తగ్గినచో తప్పినట్లే. ఆ ఫలితములు ఎవరైనను చదువవచ్చును. మా యోడకు తొంబదికి పైగానే వచ్చినవని చూపెను. మాకు నిజముగా ధైర్యము కలిగెను. వేలమంది యొక్కచోట తినునపుడు ఒక్కరి వాంతులు నూర్గురకు అంటుట యెంతసేపు? వదినగారు చదివి, “శుభ్రతకు మార్కులున్నవి, ఆదరణకు మార్కులెవరు వేయుదురు?” అనిరి.

ఐదవనాడు గ్లేసియర్ బే అను మంచు అఖాతము ప్రవేశించితిమి. అచ్చటికి దినమునకు రెండు పెద్ద విహారనౌకలను మాత్రమే రానిత్తురు. ఉదయముననే అచటి యుద్యానవన సంరక్షకులు చిన్నపడవలో వచ్చి, నిచ్చెనపై మా యోడ నెక్కి, మైకులో వివరములు చెప్పిరి. 1794లో జార్జి వాంకూవరు దండు వచ్చినపుడు ఈ యఖాతమంతయు దాదాపు మంచుతో కప్పబడియుండెనట. 1879లో జాన్ మ్యూర్ అను ప్రకృతిశాస్త్రజ్ఞుడు వచ్చునప్పటికి మంచు ముప్పది మైళ్లకు పైగా వెనుకకు పోయెను. 1916 నాటికి అరువది మైళ్లు దాటెను. మా యోడ మార్జరీ హిమనది యెదుట యంత్రములు తగ్గించి నిలిచెను. మైలు వెడల్పు, నీటిపై ఇన్నూటయేబది యడుగుల యెత్తు గల నీలపుగోడ. ఎక్కడనో తుపాకి ప్రేలినట్లు ధ్వని. ఒక మూల విరిగి నీట పడిన కొన్ని క్షణములకు ఆ ధ్వని వినవచ్చును. ధ్వని విని చూచుటకు తిరుగునప్పటికే పడిపోవును. వదినగారు శాలువపై శాలువ కప్పుకొని రెండు గంటలు కదలక నిలిచిరి. కంపెనీవారు ఆ చలిలో బఠాణి సూపు ఉచితముగా పంచిరి. అది బాగుండెనా లేదా యని మేము వాదించుకొనలేదు. ఆ పూట మెప్పు ఓడది కాదని యిద్దరమును ఎరుగుదుము. అట్లని, ఆ యోడయే లేనిదే అరువది దాటిన మోకాళ్లతో మేమచటికి చేరువారమును కాము.

ఆ రాత్రియే మాకు సిగ్గుపడవలసిన సంగతి జరిగెను. భోజనశాలలో వదినగారు మామూలుగా తెలుగులో, “ఈ పిల్లవానికి నీళ్లు పోయుట తప్ప మరేమియు తెలియదు” అనుచుండగా, నీళ్లు పోయుచున్న ఆ పిల్లవాడే, “అమ్మగారూ, మజ్జిగ కావలెనా? ఉప్పు వేసి కలిపించెదను” అనెను, తేట తెలుగులో! అతని చొక్కాపై బిళ్లలో ఇండియా యని యుండుట చూచి ఏ గోవావాడో యని యెంచితిమి. విశాఖపట్టణమట. అప్పటికి ఐదు రాత్రులుగా అతని యెదుటనే అతని పనిని విమర్శించుచుంటిమి. “మొదటినాడే వింటినమ్మా. వినెనని తెలిసిన మీరు నొచ్చుకొందురని ఊరకుంటిని” అనెను.

తరువాత తీరిక చిక్కినపుడు కొంత చెప్పెను. ఎనిమిది నెలల యొప్పందము, ఆరు గడచినవి. అందు ఆదివారమను మాట లేదు. అంతర్జాతీయ నావికచట్టము 2006లో చేయబడి 2013 నుండి అమలులోనికి వచ్చినది. దాని ప్రకారము ఓడ పనివారికి దినమునకు పది గంటల విశ్రాంతి యుండవలెను. అనగా పదునాలుగు గంటలు పని యుండవచ్చునన్నమాట! తనకు ముందున్నవారు నాలుగు బల్లలు చూచుకొనెడివారట, తనకు ఏడు. చెల్లెలు ఇంజనీరింగు చదువుచున్నది, ఫీజు తానే కట్టుచున్నాడు. వదినగారు చాలసేపు మాటాడలేదు. పిదప మెల్లగా, “నాలుగు బల్లలైన పేరులు గుర్తుండును. ఏడైన నెట్లుండును?” అనిరి.

చివరి రేవు కెనడాలోని విక్టోరియా. సున్నపురాళ్లు తవ్వితీసిన గోతిని జెన్నీ బుచార్ట్ అను నామె 1904 నుండి పూలతోటగా మార్చిన ప్రసిద్ధోద్యానము అచటనే యున్నది. కంపెనీవారి పటములో ఆ తోట రంగురంగులుగా నుండెను. ఓడ చేరినది రాత్రి ఎనిమిది గంటలకు. మూడు గంటలలో తిరిగి యెక్కవలెను. మేము తోటకు పోలేదు. అంత స్వల్పకాలమునకు అచట ఆగుటయే యేల యని విచారింపగా, 1886 నాటి అమెరికా చట్టము కారణమని తెలిసెను. పరదేశపు జెండా గల ఓడ అమెరికా రేవున నెక్కించుకొన్న జనమును మరల ఆ రేవుననే దింపవలెనన్న నడుమ నొక పరదేశపు రేవు తాకవలెనట. ఆ సంగతి పటములో లేదు.

చివరి యుదయమున లెక్కచీటీ వచ్చెను. సేవకుల బహుమానమని మనిషికి దినమునకు 17 డాలర్ల చొప్పున మా ముగ్గురకు 350 డాలర్లకు పైగా తమంతతామే వేసికొనిరి. ఇది యందరు కంపెనీలవారును ఇంచుమించు చేయు పనియే. ముందుగా చెప్పియే యుందురట. మా అబ్బాయికి ఆ మొత్తము చెప్ప మాకు నోరాడలేదు.

దానితోడనే ప్రశ్నపత్రము వచ్చెను. గది, భోజనము, సేవ, అన్నిటికిని పదింటికి మార్కులు వేయవలెను. తొమ్మిదికి తగ్గినచో పెద్దవారు పిలిచి సంజాయిషీ యడుగుదురని ఆ విశాఖ కుర్రవాడు ముందే యనియుండెను. అడిగి వేయించుకొనుటకు కాదు, మాటవరసకు. మేము ఆలోచించి, సేవకు పది, భోజనమునకు ఎనిమిది, గదికి ఐదు వేసి, క్రింద ఖాళీచోట, ఒక్కొక్కరికి ఏడు బల్లలు అప్పగించుట తగదని, అతని పేరు రాకుండ వ్రాసితిమి. వదినగారు అన్నిటికిని పది వేసిరి. గదికి గూడ పది! ఇదేమియని యడుగగా, “ఏ మార్కు ఎవరి మెడకు చుట్టుకొనునో మనకేమి తెలియును?” అనిరి. ఆ పేరు ఇరువది యేండ్లుగా నెట్లు నిలిచినదో మాకపుడు కొంత బోధపడినది.

రేవు వెలుపల మా అబ్బాయి కారుతో వేచియుండెను. “అమ్మా, ఓడ బాగున్నదా?” యని యడిగెను. మేమొక క్షణము తడబడితిమి. బాగుండలేదన్నచో వాని మనసు చివుక్కుమనును. బాగున్నదన్నచో వచ్చే యేడు పిన్నిని బాబాయిని కూడ పంపి మరల అప్పుల పాలగును. “మంచు బాగున్నది నాయనా” అంటిమి. వాడు మామొగము చూచి నవ్వెను. గ్రహించెననియే మా నమ్మకము.

2025 సంక్రాంతి పేరంటమున వదినగారు ఇరుగుపొరుగువారికి ఓడ కథ చెప్పుచుండగా మేము పసుపు రాయుచు వింటిమి. నీలపుగోడ విరిగిపడుట చెప్పిరి, మజ్జిగ యిచ్చిన విశాఖ పిల్లవాని మంచితనము చెప్పిరి. మా గది కూడ అప్పటికే కొంచెము పెద్దదైనది.