అవ్వ చెప్పిన కర్మ

నరసాపురం అనగానే చాలామంది గోదావరి జిల్లా అనుకుంటారు. మాది ఆ నరసాపురం కాదు. కోలారుకు పడమట, బెంగుళూరు నుంచి మద్రాసుకు పోయే పాత రోడ్డు మీది ఊరు. బడిలో కన్నడం, ఇంట్లో తెలుగు. ఇప్పుడు చుట్టూ ఫ్యాక్టరీలు లేచాయి గానీ మా చిన్నప్పుడు పాడి ఆవులే ఆధారం.

మా అవ్వ పాలు రెండుచోట్ల పోసేది. ఒకటి డెయిరీ. అక్కడ లాక్టోమీటరు ముంచి చూస్తారు. నీళ్ళు కలిస్తే అది కిందికి దిగిపోయి గుట్టు బయటపెడుతుంది. రెండోది పక్కవీధిలో ఒక బాలింత ఇల్లు. అక్కడ ఏ మీటరూ లేదు. "ఒక లోటా నీళ్ళు పోస్తే ఎవరికి తెలుస్తుందత్తా?" అని మా చిన్నమ్మ ఒకసారి నవ్వులాటకు అంది. అవ్వ నవ్వలేదు.

"పసిబిడ్డ నోట్లో నీళ్ళు పోస్తే ఆ కర్మ నన్ను వదుల్తుందా? నన్ను వదిలినా నా బిడ్డల్ని వదుల్తుందా?"

పండితులైతే ఒప్పుకోరు. ఎవరి కర్మ వారిదే కదా, బిడ్డల్నెందుకు పట్టుకుంటుంది అంటారు. అవ్వ లెక్క వేరు. వచ్చే జన్మ ఊసే ఆమె ఎత్తేది కాదు. ఆ ఇంటివాళ్ళు రెండు నెలలు డబ్బివ్వలేకపోతే "వాళ్ళ కర్మ, నువ్వేం చేస్తావ్?" అని ఎవరో అన్నారు. "వాళ్ళ కర్మతో నాకేం పని?" అని పాలు పోస్తూనే వచ్చింది.

మా ప్రాంతమంతా కొలిచే కైవారం తాతయ్య కూడా గాజులమ్మినవాడే. తెలుగులోనూ కన్నడంలోనూ తత్త్వాలు చెప్పాడు. బేరసారాలు తెలిసినవాళ్ళ నోట ధర్మం వినడం మాకు కొత్తగాదు.

అదే మాట కె.జి.ఎఫ్. వైపు ఇంకోలా వినిపించేది. 1880లో మొదలుపెట్టి 2001 ఫిబ్రవరిలో మూసేదాకా అక్కడ మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు తవ్వారు. పైకొచ్చిన కూలీ బంగారం దాచాడేమోనని సోదా చేసేవారు. రాతి దుమ్ము పీల్చి సిలికోసిస్‌తో ఊపిరితిత్తులు చెడినవాళ్ళు ఎందరో. దగ్గుతూ మంచాన పడినవాణ్ణి చూసి "వాడి కర్మ" అనేవారు. అవ్వ ఆ మాట తనమీద వేసుకుంది, వీళ్ళు రోగిమీద వేశారు. వేశాక, దుమ్ము సంగతేమిటని ఎవరినీ అడగనక్కర్లేదు కదా!

కర్మ నిజమేనా అని మా పిల్లలు అడుగుతారు. నాకు తెలియదన్నాను. పక్కవాడి కష్టాన్ని చూసి ఆ మాట మాత్రం మన ఇంట్లో అనొద్దన్నాను. మా ఆవిడ ఒప్పుకోలేదు. బిడ్డను పోగొట్టుకున్న తల్లికి ఆ ఒక్క మాటే ఊరట, అదీ వద్దంటే ఇంకేం చెప్తారు అంటుంది. ఆ వాదన మా ఇంట్లో ఇంకా తెగలేదు.