పాత చందమామల పిచ్చి

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద 1960ల నాటి చందమామల బైండు కనబడింది. పన్నెండు సంచికలు! బేరమైనా ఆడకుండా కొనేశా. ఇంటికొచ్చి తీరిగ్గా తిరగేస్తే ఒక్క అట్టా లేదు. బైండు చేసిన మహానుభావుడెవరో వడ్డాది పాపయ్య గారి ముఖచిత్రాలన్నీ పీకేసి, లోపలి కాగితాలు మాత్రం భక్తిగా కుట్టాడు. పైగా అంచులు నున్నగా కోశాడు, వాక్యాల చివరి అక్షరాలు గోవిందా.

ఫొటో వ్యాఖ్యల పోటీ పేజీలో ఎవరో పిల్లాడు సిరాతో రెండు వ్యాఖ్యలు రాసి, ఒకటి కొట్టేశాడు. వాణ్ణి క్షమించేశా. కొట్టేసిందే బాగుంది మరి.

"చూసిస్తా బావా" అంటూ మా బామ్మర్ది అప్పుడే చెయ్యి చాస్తున్నాడు. పోయినసారి పట్టుకెళ్లినవి ఇంకా రాలేదు.