రాత్రి దున్నే మంచు

కెనడాలోని ఆల్బర్టా రాష్ట్రంలో, రాకీ పర్వతాల నడుమ, క్యాన్‌మోర్ అనే చిన్న పట్టణంలో మా కాపురం. మేమిద్దరమూ రాత్రి పనివాళ్ళమే. భార్యది ఆస్పత్రిలో నర్సు ఉద్యోగం. భర్తది స్కీ రిసార్టులో మంచును చదును చేసే యంత్రం నడిపే ఉద్యోగం. మొదటిదాన్ని గురించి ఎవరికీ చెప్పనవసరం లేదు. రెండవదాన్ని గురించి విన్నప్పుడు పల్నాడులోని అబ్బాజాన్ ఫోనులో కాసేపు మౌనంగా ఉండి, "అంత దూరం పోయి మంచు దున్నుతున్నావా బేటా?" అని అడిగారు. ఆ మాటలో వెటకారం లేదు, దిగులు ఉంది. బంధువులలో చాలామంది దృష్టిలో అది నేటికీ మంచు ఊడ్చే పనే. అందుకే ఆ పని ఎలాంటిదో, కొత్తగా అందులో అడుగుపెట్టినవారు ఏమి నేర్చుకోవలసి ఉంటుందో, మా ఇంటి మీద దాని బరువు ఎంతో ఇద్దరం కలిసి రాస్తున్నాము.

నిజానికి అబ్బాజాన్ అన్న మాటే దానికి తగిన మాట. పగలంతా వేలమంది స్కీలు తొడుక్కుని కొండ వాలు మీద జారుతారు. వారి తాకిడికి మంచు అంచులకూ కిందికీ నెట్టుకుపోతుంది. నడుమ గుంటలు, దిబ్బలు, గట్టిపడిన నున్నని మంచుగడ్డ మిగులుతాయి. సాయంత్రం నాలుగున్నర ప్రాంతంలో లిఫ్టులు ఆగిపోయి, వాలు మీద ఎవరూ మిగలలేదని గస్తీవారు చూసి వచ్చాక యంత్రాలు బయలుదేరుతాయి. వాటిని స్నో గ్రూమర్లు అంటారు. నడిపేవాళ్ళు ముద్దుగా "క్యాట్" అంటారు. మన ఊళ్ళలో చెప్పాలంటే అది చైన్ బండి. ముందు బ్లేడు ఉంటుంది. చెదిరిన మంచును తోసి గుంటలు నింపుతుంది. వెనుక టిల్లరు ఉంటుంది. ట్రాక్టరుకు కట్టే రోటవేటరు లాంటిదే. దాని పళ్ళు తిరుగుతూ గడ్డకట్టిన మంచును పొడి చేస్తాయి. దాని వెనుక వేలాడే దువ్వెన ఆ పొడిని అదిమి సన్నని చారలు దిద్దుతుంది. మర్నాడు పొద్దున్నే వచ్చినవారు మొదట జారాలని ఉబలాటపడేది ఆ చారల మీదే. మధ్యాహ్నానికి అవి ఉండవు.

యంత్రం బరువు 10 టన్నులు దాటుతుంది. ఇంజిను బలం 400 హార్స్‌పవర్‌కు పైమాటే. అయినా దాని పట్టాలు ఎంత వెడల్పు అంటే, మంచు మీద అది మోపే ఒత్తిడి మనిషి పాదం మోపే ఒత్తిడి కన్నా తక్కువ. మనిషి నడుము లోతు కూరుకుపోయే చోట అది తేలికగా సాగిపోతుంది. ఒక్కొక్కటీ మన రూపాయలలో కోట్లు పలుకుతుంది. అంతటి యంత్రాన్ని కొత్తవాడి చేతికి ఎలా ఇస్తారా అని మాకూ ఆశ్చర్యమే కలిగింది.

ఈ పనికి డిగ్రీ అక్కరలేదు. రిసార్టులు శరదృతువులో మనుషులను తీసుకుంటాయి, నేర్పేదీ అవే. చాలామంది లిఫ్టుల దగ్గరో, కృత్రిమంగా మంచు తయారుచేసే విభాగంలోనో ఒకటి రెండు శీతకాలాలు పనిచేసి ఈ సీటుకు వస్తారు. పొలం ట్రాక్టరూ, డోజరూ నడిపిన అనుభవం ఉన్నవారికి దారి కొంత దగ్గర. పల్నాడు నల్లరేగడిలో అబ్బాజాన్ ట్రాక్టరు మీద పెరగడం, ఆ తరువాత సౌదీ అరేబియాలో రోడ్డు పనుల మీద ఎనిమిదేళ్ళు డోజరు నడపడం మాకు అక్కరకు వచ్చాయి. 2024 నవంబరులో పని దొరికింది. జీవితంలో ఒక్కసారి కూడా స్కీలు తొడగని మనిషికి ఆ ఉద్యోగం ఇచ్చారు!

మొదటి రెండు వారాలు పక్క సీటులో కూర్చుని చూడటమే. తరువాత పచ్చ గుర్తు ఉన్న, పిల్లలు నేర్చుకునే తేలిక వాలులు. నీలం గుర్తు, నలుపు గుర్తు వాలులు తరువాతి మాట. రోడ్డు పనిలో చేతికి అబ్బిన దూకుడును ఇక్కడ వదులుకోవలసి వచ్చింది. మట్టి ఎక్కడికీ పోదు. మంచు అలా కాదు. బ్లేడు కాస్త లోతుకు దిగితే కింద గడ్డీ రాళ్ళూ పైకి వస్తాయి, టిల్లరు పళ్ళు విరుగుతాయి. యంత్రంలోని తెర మీద బ్లేడు కింద ఎన్ని సెంటీమీటర్ల మంచు ఉందో కనిపిస్తూనే ఉంటుంది. కానీ నేర్పిన పెద్దాయన మొదటి రోజుల్లో ఆ తెరను చూడవద్దనేవాడు. కూర్చున్న సీటుకే మంచు సంగతి తెలియాలనేవాడు. టిల్లరు మంచులో ఉండగా గట్టిగా మలుపు తిప్పరాదు, దాన్ని ఎత్తకుండా వెనక్కి పోరాదు. ప్రతి చాలూ ముందటి చాలు అంచును కొంత కప్పుతూ సాగాలి. లేకపోతే నడుమ గట్టు మిగిలిపోతుంది, పొద్దున ఎవరి స్కీ దానికి తగులుతుందో తెలియదు. అయిదు మీటర్లకు పైగా వెడల్పున్న చాలును చీకటిలో, లైట్ల వెలుగులో, తిన్నగా కిందిదాకా తేవడానికి మాకు దాదాపు నెల పట్టింది.

అన్నిటికన్నా కష్టమైనది వేళ ఎంచుకోవడం. దున్నిన మంచు గట్టిపడటానికి కొన్ని గంటల చలి కావాలి. తెల్లవారుజామున దున్నితే మనుషులు దిగేసరికి అది ఇంకా పిండిలాగే ఉంటుంది. తొందరగా సాయంత్రమే దున్నితే, రాత్రి మంచు కురిసినప్పుడు చేసిందంతా కప్పబడిపోతుంది. ఆకాశం చూసి నిర్ణయించాలి. వాన కోసం చూసే రైతుకు ఇది కొత్త విద్య కాదు.

మొదటి ఏడాది మాకు సాయంత్రం 4 నుండి అర్ధరాత్రి 12 వరకు షిఫ్టు ఇచ్చారు. 2025లో రంజాన్ నెల సరిగ్గా ఆ కాలంలోనే, మార్చిలో వచ్చింది. కొండల నడుమ సూర్యాస్తమయం ఒక చిక్కు. లోయలో సూర్యుడు శిఖరం వెనుకకు పోయి అంతా నీడ పడుతుంది; యంత్రంతో పైకి ఎక్కితే అదే సూర్యుడు ఎదురుగా మెరుస్తూ ఉంటాడు. అందుకే కంటిని నమ్మక, సమయ పట్టికను అద్దానికి అంటించుకున్నాము. నెల మొదట్లో ఇఫ్తార్ సాయంత్రం 6 దాటాక ఉండేది; నడుమ గడియారాలను గంట ముందుకు జరపడంతో నెలాఖరుకు 8 ప్రాంతానికి చేరింది. చదునైన చోట యంత్రాన్ని ఆపి, బ్లేడు దించి, రేడియోలో పది నిమిషాలు ఆగుతున్నానని చెప్పి, మూడు ఖర్జూరాలు, ఫ్లాస్కులోని టీ. నమాజు లిఫ్టువారి చెక్క గదిలో. గుంటూరులో పడమర వైపు నిలబడిన మనుషులం. ఇక్కడ కిబ్లా ఉత్తరానికి కాస్త తూర్పుగా ఉంటుంది. రెండవ వారం నుండి మగ్రిబ్ వేళ కాగానే తోటి చోదకులే రేడియోలో గుర్తుచేయసాగారు. వారిలో ముస్లింలు ఎవరూ లేరు.

కొండ మీద ఇలా సర్దుకుపోయింది గానీ ఇంట్లో సర్దుకోలేదు. భార్యకు ఆస్పత్రిలో రాత్రి 7 నుండి ఉదయం 7 వరకు డ్యూటీ పడిన రోజులలో మా ఆరేళ్ళ పాపను పక్కింటి ఫిలిప్పీన్స్ కుటుంబం దగ్గర పడుకోబెట్టేవాళ్ళము. అర్ధరాత్రి దాటాక తండ్రి వచ్చి, దుప్పటిలో చుట్టి, మంచులో ఎత్తుకుని ఇంటికి తెచ్చేవాడు. ఆ ఇంటివారి మేలు మరువలేము. అయినా ఒక రాత్రి పాప పడుకునే ముందు, "అమ్మీ, రేపు నేను ఏ ఇంట్లో లేస్తాను?" అని అడిగింది. ఆ ప్రశ్న మమ్మల్ని చాలా రోజులు వెంటాడింది. సంపాదన ఎంత హలాల్ అయినా, పిల్ల నిద్ర మీద దాని బరువు పడుతుంటే ఇల్లు లెక్క చూసుకోవాలి కదా! పని మానేయడం గురించి కూడా మాట్లాడుకున్నాము.

ఆ సమయంలోనే, మార్చి చివర్లో, వచ్చే శీతకాలం వించ్ యంత్రం నేర్పుతామని కబురు వచ్చింది. నిట్టనిలువు వాలుల మీద యంత్రం తన పట్టుతో తాను నిలవలేదు. పైన ఉన్న లంగరుకు ఉక్కు తాడు తగిలించి, దాని సాయంతో దిగుతూ ఎక్కుతూ పనిచేస్తారు. తాడు పొడవు సుమారు 1000 మీటర్లు. లాగే బలం 4 టన్నులకు పైగా. బిగిసిన ఆ తాడు చీకటిలో కనిపించదు. మూసిన వాలు మీదికి సరదాగా ఎక్కి వచ్చినవారిని అది ప్రాణాంతకంగా కొట్టగలదు. దారి మొదట్లో హెచ్చరిక దీపాలూ పలకలూ పెట్టేది అందుకే. ఈ పని షిఫ్టు అర్ధరాత్రి 12 నుండి ఉదయం 8 వరకు.

ప్రమాదం పెరుగుతుంది, కానీ సాయంత్రాలు ఇంటికి దక్కుతాయి. ఈ రెండింటినీ ఏ త్రాసులో తూచాలో మాకు తెలియలేదు. క్షతగాత్రులను రోజూ చూసే నర్సుకు ఈ విషయంలో నచ్చజెప్పడం తేలిక కాదు. చివరకు అనుమతి తీసుకుని ఒక రాత్రి భార్య కూడా పక్క సీటులో కూర్చుని వచ్చింది. ముందు అద్దంలో నేల తప్ప ఆకాశం కనిపించని ఆ వాలు మీద ఆమె పెదవులు దుఆలతో కదులుతూనే ఉన్నాయి. దిగిన తరువాత సూపర్‌వైజరును అడిగినవి మూడే ప్రశ్నలు: తాడును ఎవరు, ఎప్పుడెప్పుడు పరీక్షిస్తారు? రేడియోకు జవాబు రాకపోతే ఎంత సేపటిలో మనిషి బయలుదేరుతాడు? భయం వేసిన రాత్రి వాలు వదిలేసి వస్తే ఉద్యోగం పోతుందా? మూడవ ప్రశ్నకు ఆయన, వదిలేసి రావడం తెలియనివాడికి ఈ సీటు ఇవ్వనే ఇవ్వము అన్నారు. ఇంటికి వచ్చే దారిలోనే ఆమె సరే అన్నది.

వేసవి అంతా ఎక్స్‌కవేటరు పనితో గడిచింది. ఈ నవంబరు నుండి వించ్ మీద శిక్షణ మొదలైంది. భార్య పగటి డ్యూటీకి మారింది. రాత్రి భత్యం పోయి ఆదాయం కొంత తగ్గింది. ఉదయం ఆరున్నర నుండి ఎనిమిదిన్నర వరకు మాత్రం పక్కింటివారి సాయం ఇంకా కావాలి; కానీ పాప లేచేది తన మంచం మీదే. రాబోయే రంజాన్ ఫిబ్రవరిలోనే మొదలవుతుంది. ఇఫ్తార్ ముగ్గురం కలిసి ఇంట్లో, సహర్ కొండ మీద. ఇంకొంచెం పెద్ద ఫ్లాస్కు కొనాలి.