వంకర రూపాయి

మా నాన్న బస్సు కండక్టరు. రిటైరై రెండేళ్లయింది. సర్వీసు మొత్తంలో లెక్కలో ఒక్క రూపాయి తేడా రానివ్వలేదని ఇప్పటికీ ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ చెప్తాడు. నిజానికి ఒకసారి వచ్చింది. ఆ రూపాయి ఇంకా మా బీరువాలోనే ఉంది.

అప్పటికి నేను పుట్టలేదు. ఒకరోజు రాత్రి డ్యూటీ దిగి సంచిలో చిల్లర లెక్కపెడుతుంటే ఒక బిళ్ల వంకరగా కనిపించిందట. 2000 సంవత్సరం రూపాయి. సింహాల బొమ్మ మధ్యలో ఉండాల్సింది పైకి జరిగిపోయి తలలు అంచుకి తగులుతున్నాయి. కింద నెలవంకలాగా ఖాళీ. ఇది చెల్లుతుందో లేదో అని నాన్నకి అనుమానం వచ్చింది. జేబులోంచి ఒక మంచి రూపాయి తీసి క్యాష్‌లో కలిపి, వంకర రూపాయిని ఇంటికి తెచ్చుకున్నాడు.

మొన్న సెలవులకి ఇంటికెళ్తే ఆ రూపాయి బయటికొచ్చింది. "దీన్ని రెండువైపులా బాగా ఫొటోలు తియ్యరా" అన్నాడు. ఎందుకని అడిగితే ఫోన్‌లో ఒక వీడియో చూపించాడు. మీ దగ్గర ఇలాంటి రూపాయి ఉంటే 10 లక్షలు మీవే అని ఒకతను అరుస్తున్నాడు. నేను నవ్వాను. నాన్న నవ్వలేదు.

రాత్రి అమ్మ వంటింట్లో మెల్లగా చెప్పింది. "మీ నాన్న ఎవరికో 2,100 పంపించాడు. రిజిస్ట్రేషన్ ఫీజంట. తర్వాత జీఎస్టీ అని ఇంకో ఆరు వేలు అడిగేసరికి ఆపేశాడు. నీకు చెప్పొద్దన్నాడు. నీ ల్యాప్‌టాప్ కోసమే అనుకున్నాడు."

ఇది మా ఇంట్లోనే జరిగిన వింత కాదు. తన పేరు వాడుకుని పాత నోట్లు, నాణేల అమ్మకం కోసం ఫీజులు, కమీషన్లు, పన్నులు అడుగుతున్నారని, అలాంటి పనులు తాము చెయ్యమని రిజర్వ్ బ్యాంక్ 2021 ఆగస్టులోనే ప్రకటన ఇచ్చింది. ఆ ప్రకటన చదివితే నాన్నకి వచ్చిన మెసేజ్ గురించే రాసినట్టుంది. కానీ అది పట్టుకెళ్లి ఆయన ముందు పెట్టడానికి నాకు నోరు రాలేదు. రూపాయి తేడా రానివ్వని మనిషి 2,100 పోగొట్టుకుని, ఆ సంగతి కొడుక్కి తెలియకూడదనుకుంటున్నాడు. "కాలేజీకి తీసుకెళ్లి అసలు విలువ కనుక్కుంటా నాన్నా" అని మాత్రం అన్నాను.

మెకానికల్ వాణ్ని కాబట్టి ముందు అది ఎలా తయారైందో చూశాను. నాణేల ప్రెస్‌లో కింద ఒక డై, పైన ఒక డై, చుట్టూ కాలర్ అనే ఉక్కు రింగు ఉంటాయి. బిళ్ల ఆ రింగులో సరిగ్గా కూర్చున్నాక పై డై వచ్చి కొడుతుంది. లోహం అన్నివైపులా సాగబోతే కాలర్ ఆపుతుంది. నాణెం గుండ్రంగా ఉండేది అందుకే. బిళ్ల సరిగ్గా కూర్చోకుండా కొంత బయటికి ఉండగానే దెబ్బ పడితే బొమ్మ పక్కకి పోతుంది, అడ్డు లేనివైపు అంచు సాగుతుంది. దీన్నే ఆఫ్ సెంటర్ అంటారు. ఏడాది కింద ఉన్న నక్షత్రం గుర్తు హైదరాబాద్ మింట్‌ది అని కూడా అప్పుడే తెలిసింది. బస్సులో మా నాన్న చేతిలో పడకముందు అది మన చర్లపల్లిలో తప్పు దెబ్బ తిన్న బిళ్ల.

ల్యాబ్‌లో తూచాను. ఆ రకం స్టీలు రూపాయి 4.85 గ్రాములు, 25 మిల్లీమీటర్లు ఉండాలి. బరువు దాదాపు సరిపోయింది. వెర్నియర్ పెడితే అడ్డంగా 25 చిల్లర, నిలువుగా 27కి దగ్గర. బరువు తగ్గకుండా కొలత పెరిగింది. అంటే లోహం ఎక్కడికీ పోలేదు, సాగింది. ఎవరో ఇంట్లో సుత్తితో కొట్టినా, పట్టుకర్రలో నొక్కినా ఉన్న బొమ్మే నలుగుతుంది. ఇక్కడ బొమ్మ పడినచోట గీతలు పదునుగా ఉన్నాయి, పడనిచోట అసలు దెబ్బే లేదు. మింట్‌లో జరిగిన తప్పుకి, బయట జరిగిన డ్యామేజీకి తేడా అదే. మొదటిదానికి విలువ ఉంటుంది, రెండోదానికి రూపాయే.

తర్వాత నాణేల ఎగ్జిబిషన్‌కి తీసుకెళ్లాను. తెల్లజుట్టు డీలర్ ఒకాయన భూతద్దం పెట్టి చాలాసేపు చూశారు. "నిజమైనదే బాబు. 10 శాతం ఆఫ్ సెంటర్. ఏడాది మొత్తం కనిపిస్తోంది, స్టార్ ఉంది, అవి ప్లస్సు. 700 ఇస్తా."

10 లక్షల ఆశ నాకు మొదటినుంచీ లేదు. అయినా 700 అనగానే ముఖం పడిపోయింది. ఆయనకి ఇలాంటి ముఖాలు అలవాటేమో, కూర్చోబెట్టి చెప్పారు. బొమ్మ ఎంత జరిగింది, ఏడాది మిగిలిందా, నాణెం ఎంత అరిగింది, ఇలాంటివి ఎన్ని దొరుకుతున్నాయి, వీటన్నిటికంటే ముందు ఆ నాణేన్ని వెతికేవాళ్లు ఎంతమంది ఉన్నారు. ఇదే రూపాయి సగానికి సగం జరిగి, ఏడాది మాత్రం మిగిలి ఉంటే ధర ఎన్నో రెట్లు పెరిగేదట. వీడియోల్లో లక్షల కథలు వేరే దేశాలవి అన్నారు. అమెరికాలో 1943లో యుద్ధానికి రాగి కావాలని సెంట్లు స్టీలుతో కొట్టారు. పాత కంచు బిళ్లలు కొన్ని పొరపాటున ఆ ప్రెస్సుల్లో పడ్డాయి. అలాంటి ఒక సెంటు 1947లో ఒక స్కూలు పిల్లాడికి చిల్లరలో దొరికింది. 2019 వేలంలో అది 2,04,000 డాలర్లకి పోయింది. అవి వేళ్లమీద లెక్కపెట్టేటన్ని ఉన్నాయి, వెతికేవాళ్లు లక్షల్లో ఉన్నారు. మన వీడియోవాళ్లు ఆ ధర తీసుకొచ్చి మన రూపాయికి అతికిస్తున్నారు.

"మరి గ్రేడింగ్ చేయిస్తే పెరగదా సార్?" అన్నాను. అమెరికాలో పీసీజీఎస్ 1986లో, ఎన్‌జీసీ 1987లో మొదలైన కంపెనీలు. నాణెం అసలుదో కాదో చూసి, షెల్డన్ అనే ఆయన 1949లో పెట్టిన పద్ధతిలో 1 నుంచి 70 దాకా మార్కులేసి, గట్టి ప్లాస్టిక్ డబ్బాలో సీలు చేస్తారు. దాన్ని స్లాబ్ అంటారు. మన 10 పాయింట్ల సీజీపీఏ నయం అనిపించింది.

ఆయన తన దగ్గరున్న రెండు స్లాబులు చూపించారు. మామూలు నాణెం తన కొలతకి చేసిన రింగులో కదలకుండా కూర్చుంది. ఎర్రర్ నాణేనికి ఆ రింగు పట్టదు. దానికి పెద్ద గుంట కావాలి, అప్పుడు వదులైతే లోపల తిరుగుతుంది. చుట్టూ రింగు బిగిస్తే అంచు కనపడదు, మరి రుజువంతా అంచులోనే ఉంటుంది. అందుకే కొన్ని డబ్బాల్లో రింగుకి బదులు నాలుగు చిన్న కొక్కేలు పట్టుకుని ఉంటాయి. లేబుల్ మీద గ్రేడుతో పాటు మింట్ ఎర్రర్ అని, ఎంత శాతమో రాస్తారు. "గ్రేడింగ్ ఫీజు, ఎర్రర్ అని రాసినందుకు ఇంకో ఫీజు, పంపే ఖర్చు, అన్నీ కలిపితే నీ రూపాయి కంటే డబ్బా ఖరీదెక్కువ" అన్నారాయన.

అమ్మలేదు. వచ్చేస్తుంటే ఆయన ఒక్క మాట చెప్పారు, మెత్తటి పీవీసీ కవర్లలో మాత్రం పెట్టొద్దని. కాలక్రమంలో అవి వదిలే పదార్థం నాణేలని పాడుచేస్తుందట. మా నాన్న ఇన్నేళ్లూ దాన్ని పాత బస్‌పాస్ కవర్లోనే దాచాడు. స్టీలు కాబట్టి బతికిపోయింది.

డబ్బా నేనే చేద్దామనుకున్నాను. బజార్లో దొరికే 25 మిల్లీమీటర్ల క్యాప్సూల్లో పట్టలేదు. 27ది కొంటే లోపల గిరగిరా తిరిగింది. నెలవంక ఒకసారి పైకి, ఒకసారి పక్కకి. మూడోసారి మా రూమ్మేట్, నేను కలిసి డ్రాయింగ్ గీసి, కాలేజీ త్రీడీ ప్రింటర్‌లో నాలుగు కొక్కేల గుంట ప్రింట్ చేశాం. మొదటిది బిగుతైంది, రెండోదానికి ఒక కొక్కెం విరిగింది, మూడోది కూర్చుంది. అంచు చుట్టూ కనిపిస్తోంది. ఊపినా కదలట్లేదు. పైన చిన్న లేబుల్: 1 రూపాయి, 2000, హైదరాబాద్ మింట్, ఆఫ్ సెంటర్ 10 శాతం. చివర గ్రేడు రాసే గడి ఖాళీగా వదిలేశాను.

దీపావళికి తీసుకెళ్లి నాన్న చేతిలో పెట్టాను. 700 అన్నారని కూడా చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "రూపాయి పెట్టి కొన్నదేగా, లాభమే" అన్నాడు. డబ్బాని అటూ ఇటూ తిప్పి, కళ్లజోడు సర్దుకుని, "ఈ గడిలో ఏం రాయలేదేంట్రా?" అన్నాడు.

"అక్కడ గ్రేడు నాన్నా. దానికి వేరే డబ్బు కట్టాలి."

"చాల్లే, ఇంక నేనెవరికీ కట్టను" అనేసి, టక్కున ఆగిపోయాడు.

అమ్మ గుమ్మం దగ్గర నుంచి వంటింట్లోకి వెళ్లిపోయింది. నేను నేల వైపు చూస్తూ ఉండిపోయాను.

"2,100 రా" అన్నాడు చివరికి.

"తెలుసు నాన్నా."

"మీ అమ్మేనా?"

నేను తలూపాను. ఆయన నవ్వాడు, సిగ్గుపడుతూనే. ఆ సాయంత్రం ఇద్దరం కూర్చుని 1930కి ఫోన్ చేసి కంప్లయింట్ ఇచ్చాం. మీ ఇంట్లో ఎవరికైనా ఇలా జరిగితే ఆ నంబరుకి వెంటనే చెయ్యండి, మాలాగా నెలలు ఆగొద్దు. డబ్బు ఎంత త్వరగా చెప్తే అంత దొరికే అవకాశం ఉంటుంది. వివరాలన్నీ నాన్నే చెప్పాడు. తేదీ, టైము, పంపిన మొత్తం, అవతలి నంబరు, అన్నీ ఒక చీటీ మీద వరసగా రాసి పెట్టుకున్నాడు. పాత అలవాటు.

డబ్బా ఇప్పుడు టీవీ పక్కన ఉంది. ఇంటికొచ్చిన ప్రతివాళ్లకీ లెక్క తేడా కథ చెప్పి, చివర్లో దాన్ని చూపిస్తున్నాడట. మొన్న ఫోన్ చేసి అడిగాడు, ఆ ఖాళీ గడిలో తను ఏదైనా రాసుకోవచ్చా అని.