జుమా రోజు స్కోరుబుక్కు



మొన్న ఒక వలీమా దావత్‌లో దూరపు చుట్టం ఒకాయన అడిగారు. "ఏం భాయ్, రోజంతా నీడలో కూర్చుని చుక్కలు పెట్టడానికి కూడా పైసలిస్తారా?" ఇస్తారు, అల్‌హందులిల్లాహ్. పెద్ద మొత్తమేం కాదు గానీ మా ఇంటి రిజ్క్ ఆ చుక్కల్లోంచే వస్తోంది. నేను క్రికెట్ స్కోరర్‌ని. విజయవాడ, మూలపాడు, గుడివాడ, బందరు, గుంటూరు... ఎక్కడ వేస్తే అక్కడికి పోతాను.

ఈ పనిలో కూర్చునే ఉంటాం గానీ కదలడానికి ఉండదు. ప్రతి బంతినీ మూడు చోట్ల రాయాలి: బౌలర్ లెక్కలో, బ్యాటర్ లెక్కలో, జట్టు మొత్తంలో. అంపైర్ సైగ చేస్తే అందిందని మేం జవాబివ్వాలి, అప్పటిదాకా ఆయన ఆట సాగనివ్వకూడదు. ఇద్దరు స్కోరర్లం పక్కపక్కన కూర్చుని ఓవర్ అయినప్పుడల్లా సరిచూసుకుంటాం. పరుగు రాని బంతికి చుక్క. ఆరూ చుక్కలే అయితే మెయిడెన్. వాటిని గీతతో కలిపితే ఇంగ్లీషు 'ఎం' అక్షరం వస్తుంది.

చుక్కలతో నాకు ఇంకో రిష్తా కూడా ఉంది. నా షౌఖ్ ఖత్తాతీ. వెదురు పుల్లని వాలుగా చెక్కి, దాన్ని సియాహీలో ముంచి ఉర్దూ అక్షరాలు రాయడం. అందులో కొలతబద్ద నుక్తాయే. కలం మొన ఎంత వెడల్పుంటే అంత నుక్తా, ఆ నుక్తాలతోనే అక్షరాన్ని కొలుస్తారు. నస్తాలీఖ్‌లో అలిఫ్ మూడు నుక్తాల పొడవు. నాకు నేర్పిన ఉస్తాద్ మొదటి నెలంతా నుక్తాలే పెట్టించారు. "ముందు చేతికి సబర్ రానీ" అనేవారు. ఇప్పుడు ఊళ్ళు తిరిగినప్పుడు సంచిలో మూడు రంగుల బాల్‌పెన్నులు, కలందాన్, జానమాజ్ ఉంటాయి. మా బేగం దాన్ని ఫకీరు జోలె అంటుంది.

అసలు సంగతికి వస్తాను. ఐదు పూటల నమాజుకీ క్రికెట్‌తో పేచీ లేదు. ఫజర్ ఇంట్లోనో లాడ్జిలోనో అయిపోతుంది. జుహర్, అసర్ ఏదో ఒక విరామంలోనో, ఆట ముగిశాకో దొరుకుతాయి. మగ్రిబ్, ఇషా మనవే. పేచీ అంతా జుమాతోనే. రెండు మూడు రోజుల మ్యాచ్‌లు మాకు ఉదయం 9:30కి మొదలవుతాయి. 11:30కి లంచ్, మళ్ళీ 12:10కి ఆట, 2:10కి టీ. మన మసీదుల్లో ఖుత్బా ఎప్పుడు? సరిగ్గా ఆ రెండో సెషన్ మధ్యలో. ఇంగ్లీషువాళ్ళు టైంటేబుల్ వేసేటప్పుడు శుక్రవారం గుర్తు రాలేదు, వాళ్ళనేం అంటాం.

ముసాఫిర్‌కి జుమా ఫర్జ్ కాదు, జుహర్ ఖసర్ చేసుకోవచ్చు, మీకు తెలిసిందే. కడప వెళ్ళినా విశాఖ వెళ్ళినా నాకు ఆ రుఖ్సత్ ఉంది. కడప డ్యూటీ పడితే నాకు ఈద్ లాగే ఉంటుంది. సాయంత్రం అమీన్ పీర్ దర్గా వైపు నడిచి వెళ్ళి, కాసేపు కూర్చుని, అక్కడి రాతల్ని కళ్ళతో కొలుచుకుని వస్తాను. కానీ మూలపాడు? మా ఇంటి నుంచి బస్సెక్కితే గంట కూడా పట్టదు. బందరు ఇంకా తమాషా. మన హనఫీ లెక్కలో సఫర్ హద్దు సుమారు 77 కిలోమీటర్లు. బందరు డెబ్భైకి అటూ ఇటూ. అంటే పొద్దున్నే బస్సులో వేలాడుతూ పోయి, రాత్రి నడుం పట్టేసి ఇల్లు చేరినా నేను ముసాఫిర్‌ని కాను!

నమాజ్ విషయంలో మా అబ్బా ఒక్క పూట కూడా మాఫీ ఇవ్వరు. 2002 నవంబర్ 24న మా ఇందిరాగాంధీ స్టేడియంలో ఇండియా, వెస్టిండీస్ వన్డే జరిగింది. రంజాన్ నెల. నేను కుర్రవాణ్ణి, రోజా ఉండి స్టాండ్‌లో కూర్చున్నాను. గొంతు ఎండిపోతుంటే మార్లన్ శామ్యూల్స్ మన బౌలర్లని చితకబాది సెంచరీ కొట్టాడు. మనం 135 పరుగుల తేడాతో ఓడి, సిరీస్ 4-3తో పోగొట్టుకున్నాం. ఏడుపు మొహంతో ఇల్లు చేరాను. అబ్బా కుట్టుమిషన్ మీద నుంచి తల ఎత్తకుండా అడిగింది ఒకటే: "జుహర్ కహాఁ పఢా రే?" నేను చదవలేదు. మ్యాచ్ ఎవరు గెలిచారని ఆయన ఈ రోజు వరకూ అడగలేదు.

ఆ అబ్బా కొడుకుని కాబట్టి, స్కోరర్‌నైన కొత్తలో జుమాలు పోతుంటే నిద్ర పట్టేది కాదు. నిర్లక్ష్యంతో వరసగా మూడు జుమాలు వదిలేస్తే దిల్ మీద ముద్ర పడుతుందన్న హదీసు మన ఇళ్ళల్లో పిల్లలకీ తెలుసు. నాకు రెండయ్యాయి. మూడో శుక్రవారం అండర్-16 మ్యాచ్, మూడు రోజులది. ఆ ముందు రోజు రాత్రే నియ్యత్ చేసుకున్నాను, ఏమైనా సరే వెళ్తానని.

వెళ్ళాను కూడా. స్కోరింగ్ నేర్చుకోడానికి వస్తున్న ఇంటర్ పిల్లాడిని నా కుర్చీలో కూర్చోబెట్టి, "ముప్పావుగంటలో వస్తా, జాగ్రత్త" అని, ఎవరినీ అడక్కుండా బండి తీశాను. ఖుత్బా విన్నాను, రెండు రకాతులు చదివాను. మనసు తేలికైంది. తిరిగొచ్చేసరికి టీ విరామం. మా రెండు పుస్తకాలకీ ఒక పరుగు దగ్గర పొత్తు కుదరలేదు.

మొత్తం ఒకటే. తేడా ఒక కుర్రాడి లెక్కలో. అవనిగడ్డ వైపు నుంచి తెల్లారకముందే బస్సెక్కి వచ్చిన పిల్లాడు. నా పుస్తకంలో 49కి ఔట్, రెండో పుస్తకంలో 50. నా కుర్చీలోని కుర్రాడు ఒక పరుగుని లెగ్‌బైగా రాసేశాడు. బోర్డు మీద మా పుస్తకం లెక్కే పడింది. బాగా ఆడి ఒక్క పరుగు దగ్గర ఆగిపోయానని ఆ పిల్లాడు సైట్‌స్క్రీన్ వెనక ప్యాడ్లు కూడా విప్పకుండా కూర్చుని ఏడుస్తున్నాడు. జిల్లా ఎంపికలప్పుడు 49కీ 50కీ మధ్య ఎంత దూరం ఉంటుందో ఆడినవాళ్ళకి తెలుసు.

ఇద్దరం బంతి బంతీ లెక్కబెట్టుకుంటూ వెనక్కి వెళ్ళాం. చివరికి అంపైర్‌ని అడిగితే ఆయన, "లెగ్‌బై అయితే నేను మోకాలు తట్టేవాణ్ణి కదయ్యా. తట్టలేదు" అన్నారు. పరుగు పిల్లాడిదే. దిద్దాం. బోర్డు మార్చారు. వాడు ఏడుపు ఆపి నవ్వాడు.

ఇక్కడితో అయిపోతే ఇదంతా మీకు రాసేవాణ్ణి కాదు. ఆ రోజు మ్యాచ్ చూసుకుంటున్న పెద్దాయన వచ్చి నేర్చుకునే కుర్రాణ్ణి అందరి ముందూ కడిగేశారు. నేనెక్కడికో టీకి లేచానని ఆయన అనుకున్నారు. నేను పక్కనే నిలబడి ఉన్నాను. జుమా చదివి వచ్చిన టోపీ ఇంకా జేబులోనే ఉంది. నోరు విప్పలేదు. ఆ తిట్లు నావి, ఇంకొకడి తల మీద పడ్డాయి.

రాత్రి అబ్బాకి చెప్పాను. ఇన్నాళ్ళకి జుమాకి వెళ్ళానని సంతోషిస్తారనుకున్నాను, నిజం చెప్పాలంటే. ఆయన దారం కొరికి, "జుమాకి పోయావు, మాషా అల్లాహ్. అమానత్ ఎవరి చేతిలో పెట్టి పోయావు?" అన్నారు. కాసేపాగి, "దర్జీ కొట్టు మూసి నమాజుకి పోతా. నిన్న చేరిన పిల్లాడి చేతికి కత్తెర, గిరాకీ బట్టా ఇచ్చి పోను" అన్నారు.

మర్నాడు ఆట మొదలవకముందే పెద్దాయన దగ్గరికెళ్ళి జరిగింది జరిగినట్టు చెప్పాను. పిల్లాడి ముందే చెప్పాను. రెండు మ్యాచ్‌లకి నా పేరు తీసేశారు. తీసేయాల్సిందే.

అమెరికాలో ఉన్న మా బావమరిది ఈ కథ విని శాండీ కోఫాక్స్ గురించి చెప్పాడు. లాస్ ఏంజెలెస్ డాడ్జర్స్ బేస్‌బాల్ జట్టులో పెద్ద పిచర్, యూదుడు. 1965లో వరల్డ్ సిరీస్ మొదటి ఆట అక్టోబర్ 6న వాళ్ళ పవిత్ర దినం యోమ్ కిప్పూర్ నాడు పడితే ఆడనన్నాడు. ఆ ఆట జట్టు ఓడింది. తర్వాత ఏడో ఆటలో అతనే వేసి సిరీస్ గెలిపించాడు. మన హాషిమ్ ఆమ్లా దారి వేరు. 2012 రంజాన్‌లో లండన్ ఓవల్‌లో 311 నాటౌట్ కొట్టినప్పుడు అతను రోజాలో లేడు. సఫర్‌లో ఉన్నాను, ఇంటికెళ్ళాక ఆ రోజాలు పూర్తి చేసుకుంటానని దాచకుండా చెప్పాడు. ఇద్దరూ నాకు ఇష్టమే. కానీ బావమరిదితో ఒక మాటన్నాను. కోఫాక్స్ రాకపోతే దేశమంతా ఎదురుచూస్తుంది. స్కోరర్ రాకపోతే ఇంకో స్కోరర్ వస్తాడు. రోజు లెక్కన బతికేవాడు దీన్ కోసం గంట అడిగితే అది పేపర్లో రాదు, జీతంలో తగ్గుతుంది.

తగ్గితే తగ్గనీ అని తేల్చుకున్నాను. ఇప్పుడు డ్యూటీ చీటీ రాగానే చూసేది శుక్రవారం ఉందా అని. ఉంటే ముందే అడుగుతాను. పరీక్ష పాసైన స్కోరర్ ఒకాయన ఆ గంట కూర్చుంటాడు, నా ఫీజులోంచి ఆయన వాటా ఇస్తాను. మూలపాడులో అయితే ఇబ్రహీంపట్నం వెళ్ళి చదివి వస్తాను. నా జోడీ స్కోరర్ క్రైస్తవుడు, గుణదల మనిషి. ఆదివారం పొద్దున ఆయన ఆరాధనకి వెళ్ళొచ్చేలోగా నేను తొందరగా పోయి రెండు జట్ల పేర్లూ రెండు పుస్తకాల్లోనూ రాసి పెడతాను. కొన్ని శుక్రవారాలు మనిషి దొరకడు. అప్పుడు కుర్చీ వదలను. టీ టైంలో పెవిలియన్ వెనక జానమాజ్ పరిచి జుహర్ చదువుకుంటాను. అది బరాబరు అని నేను అనను. మా ఇమామ్ సాబ్‌ని అడిగాను. ఆయన ఫత్వా ఇవ్వలేదు, "అడుగుతూనే ఉండు, అలవాటు పడకు" అన్నారు.

ఈ లెక్కలో నష్టపోయింది నా షౌఖ్. నెలకి ఒక్క పేజీ కూడా రాయలేకపోతున్నాను. ఒక రోజు వాన పడి ఆట ఆగితే కవర్ల మీద నీళ్ళు జారడం చూస్తూ, పాత స్కోరు షీటు వెనక బాల్‌పెన్నుతోనే 'సబర్' అని రాసుకున్నాను. బే కింది నుక్తా పెద్దదైపోయింది. ఉస్తాద్ ఉంటే చెవి మెలిపెట్టేవారు.

రేపు బందరులో మ్యాచ్. శుక్రవారమే. మనిషి దొరికాడు. సంచి సర్దుతుంటే అబ్బా గది లోంచి కేక వేశారు, "బందరు ఎన్ని కిలోమీటర్లురా?" అని. ఆయనకి తెలుసు. నాకు తెలుసో లేదోనని అడుగుతారు.